ఇంట్లో పుట్టినరోజు కేక్: ముందురోజు పొద్దున్నుంచి ఆఖరి ముక్క దాకా

మా చుట్టాల్లో ఎవరింట్లో పుట్టినరోజు వచ్చినా సాయంత్రం నాలుగింటికి నాకొక ఫొటో వస్తుంది. నడుమ గుంట పడిన కేకో, గిన్నెలో మజ్జిగలా కారుతున్న క్రీమో. కింద "వదినా, ఆరింటికి కటింగ్, ఇప్పుడేం చెయ్యాలి?" అని ఉంటుంది. నాలుగింటికి చేయగలిగింది చాలా తక్కువ. అందరూ కొలతలు అడుగుతారు కానీ ఏది ఎప్పుడు చేయాలో ఎవరూ అడగరు, నేను చూసిన కేకుల్లో సగానికి సగం అక్కడే పాడయ్యాయి. అందుకే ఇందులో కొలతలతో పాటు టైం కూడా రాస్తున్నాను. మొదటిసారి చేసేవాళ్ళు ఒకసారి చివరిదాకా చదివాకే మైదా డబ్బా మూత తీయండి.

1. ముందు మనుషుల లెక్క

కిలో కేక్ అంటే, భోజనం తర్వాత తింటే పన్నెండు మందికి వస్తుంది. కేక్, సమోసా, కూల్‌డ్రింక్ మాత్రమే పెడుతుంటే ఎనిమిది, పది మందికి. బిర్యానీ ఉన్న రోజైతే పదిహేను మందికి కూడా సరిపెట్టాను, ఎవరికీ తక్కువ కాలేదు.

క్రీమ్‌తో కలిపి కిలో రావాలంటే 8 అంగుళాల గుండ్రటి టిన్, అర కిలోకి 6 అంగుళాలది. ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు, రెండు అంగుళాలే కదా తేడా అని పిండి కాస్త కలిపి వదిలేస్తారు. 6 నుంచి 8కి వెళ్తే టిన్ అడుగు వైశాల్యం దాదాపు 1.8 రెట్లు అవుతుంది, కాబట్టి కొలతలన్నీ అంతే పెరగాలి. 8 నుంచి 10కి ఒకటిన్నర రెట్ల పైమాటే.

వచ్చేవాళ్ళ గురించి ముందే కనుక్కోవాల్సినవి:

- గుడ్డు తిననివాళ్ళు ఎవరు? ఆ రోజు ఏ వారం? మామూలుగా తినేవాళ్ళు కూడా మంగళవారమో శనివారమో ముట్టరు, కార్తీక మాసంలో అయితే అడగక్కర్లేదు.
- పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలున్నారా?
- ఏడాది నిండని పాపాయిలు వస్తున్నారా? వస్తే తేనె వేసినది వాళ్ళ నోటికి అందకూడదు.

గుడ్డు తిననివాళ్ళు ఇద్దరున్నా సరే, నేను మొత్తం కేక్ గుడ్డు లేకుండానే చేస్తాను. రెండు కేకులు, రెండు చాకులు, "ఇది ఏదమ్మా?" అని ప్రతి ప్లేటుకీ ఒక ప్రశ్న, ఆ గోల మనకొద్దు. "చెప్పకుండా పెడితే తెలియదులే" అనే సలహా ఎవరైనా ఇస్తే మాత్రం వినకండి.

2. కటింగ్ టైం నుంచి వెనక్కి లెక్కేసుకోండి

రేపు సాయంత్రం ఆరింటికి కటింగ్ అనుకుందాం.

- ఈరోజు పొద్దున: విప్పింగ్ క్రీమ్ ప్యాకెట్ ఫ్రీజర్ నుంచి తీసి కింది ఫ్రిజ్‌లో పెట్టాలి.
- ఈరోజు సాయంత్రం 6: గుడ్లు, పాలు, పెరుగు బయట పెట్టాలి. మే నెలలో అరగంట చాలు, జనవరిలో ఇంకాస్త ముందే తీయండి.
- 7: పిండి కలిపి కాల్చడం.
- 8 నుంచి 10: చల్లార్చడం. ఆ తర్వాత ప్లాస్టిక్ కవర్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి పడుకోండి.
- రేపు పొద్దున 10: పొరలు కోసి, పాకం తడిపి, మొదటి పూత.
- 11: అసలు పూత, పేరు రాయడం. మళ్ళీ ఫ్రిజ్.
- సాయంత్రం 5:45: బయటికి.

పుట్టినరోజు నాడు పొద్దున లేచి మొదలుపెట్టి సాయంత్రానికి ముగించొచ్చు కదా అంటారు. వచ్చు. కానీ ఆ రోజు తలంట్లు, గుడి, వంట, మధ్యలో గ్యాస్ అయిపోవడం, ఇవన్నీ ఉంటాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న కేక్ కోస్తే పొడి కూడా తక్కువ రాలుతుంది.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- గ్రాముల్లో తూచే చిన్న కాటా. దీనికి మాత్రం పిసినారితనం వద్దు. ఒకే కప్పుతో ముంచిన మైదా, వదులుగా పోసిన మైదా ఇరవై ముప్పై గ్రాములు తేడా వస్తుంది, కేక్ గట్టిపడేది అక్కడే.
- 8 అంగుళాల అల్యూమినియం టిన్, బటర్ పేపర్
- కరెంటు బీటర్
- జల్లెడ, రబ్బరు గరిటె, గాలి ఆడే జాలీ స్టాండ్
- కేక్ కింద పెట్టే అట్ట, డబ్బా

టిన్లు, అట్టలు, క్రీమ్ పిండే నాజిళ్ళు అన్నీ హైదరాబాద్ బేగంబజార్‌లో దొరుకుతాయి, కాస్త ఎక్కువ తీసుకుంటే ధర కూడా కలిసొస్తుంది. కారులో మాత్రం వెళ్ళకండి, పార్కింగ్ దొరికేలోపు కొనాలన్న కోరిక చచ్చిపోతుంది. పైపింగ్ బ్యాగ్ లేకపోతే పాల ప్యాకెట్ కవర్ శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మూల కత్తిరించండి. పేరు రాయడానికి అది చాలు.

ఇంట్లో ఉన్న బేకింగ్ పౌడర్ ఎప్పటిదో గుర్తులేకపోతే ఒక చెంచా వేడినీళ్ళలో వేసి చూడండి, బుస్సుమని పొంగాలి. సోడాకి అయితే నిమ్మరసం పిండి చూడాలి. పొంగకపోతే పారేయండి.

4. కొలతలు (8 అంగుళాల టిన్‌కి)

గుడ్డుతో:

- మైదా 200 గ్రాములు
- బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు
- పంచదార పొడి 180 గ్రాములు
- గుడ్లు 3
- సన్‌ఫ్లవర్ నూనె 100 మి.లీ.
- పాలు 100 మి.లీ.
- వెనిలా ఎసెన్స్ 1 టీస్పూన్, చిటికెడు ఉప్పు

గుడ్డు లేకుండా:

- మైదా 190 గ్రాములు
- గట్టి పెరుగు 250 గ్రాములు
- పంచదార పొడి 160 గ్రాములు
- నూనె 120 మి.లీ.
- బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూన్
- వంట సోడా అర టీస్పూన్
- వెనిలా 1 టీస్పూన్

చాక్లెట్ కావాలంటే మైదాలోంచి 40 గ్రాములు తీసేసి అంతే కోకో పొడి వేసి, పాలు రెండు చెంచాలు అదనంగా పోయండి.

వెన్న ఎందుకు రాయలేదని అడుగుతారు. వెన్న రుచే, కాదనను. కానీ క్రీమ్ కేక్ ఫ్రిజ్‌లో ఉండాల్సిందే, ఫ్రిజ్‌లో వెన్న గడ్డకట్టి కేక్ ఇటుకలా అవుతుంది. నూనెతో చేసింది చల్లగా ఉన్నా మెత్తగానే ఉంటుంది. వెన్న కేక్ టీతో తినే ఉత్త కేక్‌కి ఉంచుకోండి. పల్లీ నూనె, నువ్వుల నూనె వాడితే మాత్రం ఎంత ఎసెన్స్ పోసినా ఆ వాసన దాగదు.

పెరుగు కొంచెం పుల్లగా ఉండాలి, సోడా పనిచేయాలంటే ఆ పులుపు కావాలి. అలాగని ఎండాకాలం రెండు రోజులు బయట ఉన్న పెరుగు పోస్తే కేక్ కూడా పులుస్తుంది. పైన తేలిన నీళ్ళు వంపేసి తూచండి.

5. కలపడం

ముందు ఓవెన్ వేడికి పెట్టి, టిన్‌కి నూనె రాసి, అడుగున బటర్ పేపర్ వేసి, మైదా, పౌడర్, ఉప్పు (గుడ్డు లేని కేక్‌కి మైదా ఒక్కటే) రెండుసార్లు జల్లించి పక్కన పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాకే తడి పదార్థాల జోలికి వెళ్ళాలి.

గుడ్డు కేక్‌కి: గుడ్లు, పంచదార బీటర్‌తో ఐదారు నిమిషాలు కొట్టాలి. పసుపు రంగు పోయి తెల్లబడి, నురుగు రెట్టింపై, బీటర్ ఎత్తితే రిబ్బనులా జారాలి. అప్పుడు నూనె సన్నటి ధారగా, తర్వాత పాలు, ఎసెన్స్. మైదా మూడుసార్లుగా వేస్తూ రబ్బరు గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పండి. ఇక్కడ బీటర్ పెట్టకూడదు.

గుడ్డు లేని కేక్‌కి: పెరుగు, పంచదార కరిగేదాకా గిలకొట్టి, సోడా, బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే నురుగు వస్తుంది. నూనె, ఎసెన్స్, తర్వాత మైదా. ఇక ఆగకూడదు. సోడా పెరుగులో పడిన క్షణం నుంచే గ్యాస్ బయటికి పోతూ ఉంటుంది, మధ్యలో ఫోన్ వచ్చి పావుగంట మాట్లాడితే పొంగాల్సిందంతా గిన్నెలోనే పొంగి పోతుంది.

రెండింటికీ ఒకటే మాట, పొడి మైదా కనపడకపోతే చాలు, చేయి ఆపేయండి. దోసెల పిండిలా నున్నగా వచ్చేదాకా తిప్పితే మైదా సాగి కేక్ రబ్బరులా వస్తుంది. టిన్‌లో మూడింట రెండు వంతులకు మించి పోయొద్దు. మిగిలిన రెండు చెంచాల పిండి చిన్న స్టీలు గిన్నెలో పోసి అదీ కాల్చండి. దాని పని కటింగ్ దగ్గర చెప్తాను.

6. కాల్చడం

ఓటీజీ (కరెంటు ఓవెన్): 180 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, మధ్య అరలో 35 నుంచి 40 నిమిషాలు. చాలా ఓటీజీల్లో ముల్లు చూపించేది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి. ప్రతిసారీ పైన మాడి లోపల పచ్చిగా ఉంటే మీదానికి 165 చాలేమో చూడండి. ఇంకో మాట, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి, మామూలు ఇన్వర్టర్ ఓటీజీని మోయలేదు. గాలివాన మబ్బు పట్టిన సాయంత్రం కేక్ మొదలుపెట్టకపోవడమే మంచిది. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా ఉండండి, పది నిమిషాల్లో వస్తే చాలావరకు బయటపడుతుంది.

మైక్రోవేవ్: కన్వెక్షన్ మోడ్ ఉన్నదైతేనే. అదే 180, పొట్టి స్టాండ్ మీద. అల్యూమినియం టిన్ ఆ మోడ్‌లో పర్వాలేదు, మామూలు మైక్రో మోడ్‌లో మాత్రం వద్దు.

కుక్కర్: పాత కుక్కరే తీసుకోండి, గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. అడుగున ఒకటిన్నర కప్పు రాళ్ళ ఉప్పు, దాని మీద స్టాండ్, మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు. నీళ్ళు పోయకూడదు. తర్వాత టిన్ పెట్టి చిన్న మంట మీద 45 నుంచి 50 నిమిషాలు. ఆ ఉప్పు కూరలోకి పనికిరాదు, డబ్బాలో పోసి వచ్చే కేక్‌కి దాచుకోండి.

ఎందులో అయినా మొదటి పాతిక నిమిషాలు మూత తీసి చూడొద్దు. తర్వాత నడుమ పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి రవ్వలు అంటితే పర్వాలేదు. చిన్న గిన్నెలోది పదిహేను ఇరవై నిమిషాల్లోనే అయిపోతుంది కాబట్టి అది పెద్ద కేక్ దిగాకే లోపల పెట్టండి. గుడ్డు లేని పిండి అయితే అంతసేపు ఆగదు, ఓవెన్‌లో చోటుంటే తలుపుకు దగ్గరగా పెట్టి పాతిక నిమిషాలు దాటగానే తీసేయండి.

7. చల్లార్చి, పొరలు కోయడం

దించాక పది నిమిషాలు టిన్‌లోనే ఉంచి, అంచుల చుట్టూ చాకు తిప్పి, జాలీ మీద బోర్లించండి. రెండు గంటలు. పైన చేయి పెడితే చల్లగా ఉందని మోసపోవద్దు, నడుమ వేడి చాలాసేపు ఉంటుంది. ఆ వేడి మీద క్రీమ్ పెడితే ఐదు నిమిషాల్లో జారుతుంది.

పొద్దున ఫ్రిజ్ నుంచి తీసి, పైన బోడిపెలా లేచిన భాగం కోసేయండి. పళ్ళున్న బ్రెడ్ చాకుతో చుట్టూ అర అంగుళం గాటు పెట్టి, కేక్‌ని తిప్పుతూ లోపలికి కోస్తే రెండు పొరలు సమంగా వస్తాయి. పాకానికి అర కప్పు నీళ్ళలో పావు కప్పు పంచదార కరిగించి చల్లార్చండి. గుడ్డు కేక్‌కి అది దాదాపు మొత్తం పడుతుంది, పెరుగు కేక్‌కి సగం కూడా ఎక్కువే.

8. క్రీమ్, అదీ హైదరాబాద్ ఎండలో

ఎక్కువమంది ఏడ్చేది ఇక్కడే కాబట్టి నిదానంగా చెప్తాను.

కిరాణా షాపులో దొరికే చిన్న ఫ్రెష్ క్రీమ్ డబ్బాలో కొవ్వు 25 శాతం దగ్గరే ఉంటుంది, దాన్ని గంట కొట్టినా గట్టిపడదు. కావాల్సింది "విప్పింగ్ క్రీమ్" అని రాసి ఉన్నది. బేకింగ్ సామాను షాపుల్లో ఫ్రీజర్‌లో ఉండే ప్యాకెట్లు ఎక్కువగా వనస్పతి కొవ్వుతో చేసినవి, పాల క్రీమ్ అంత రుచి ఉండదు గానీ మన వేడికి కాస్త నిలబడతాయి. 8 అంగుళాల కేక్‌కి 300 మి.లీ. చాలు, కొడితే రెట్టింపు దాటుతుంది.

- ప్యాకెట్ పూర్తిగా కరగాలి, కానీ చల్లగానే ఉండాలి. మంచు ముక్కలు మిగిలితే క్రీమ్ గరుకుగా వస్తుంది.
- గిన్నె, బీటర్ పుల్లలు ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. ఎండాకాలం ఆ గిన్నెను ఐస్ నీళ్ళున్న ఇంకో గిన్నెలో నిలబెట్టి కొట్టండి.
- మొదట నెమ్మదిగా, తర్వాత మధ్యస్థం స్పీడు. బీటర్ ఎత్తితే కొన వంగకుండా నిలబడగానే ఆపేయాలి.
- మరీ కొట్టేసి రవ్వరవ్వగా అయితే, కొట్టని క్రీమ్ రెండు చెంచాలు పోసి గరిటెతో కలపండి. ఈ రెండు చెంచాలు ముందే పక్కన తీసి ఉంచుకోవాలి, నేనెప్పుడూ ఉంచుతాను.
- రంగు కావాలంటే జెల్ రంగు. నీళ్ళ రంగు పోస్తే క్రీమ్ పలచబడుతుంది.

మొదటి పూత పలచగా, కేక్ పొడి అంతా అంటుకుపోయేలా వేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. దాని మీద అసలు పూత. ఈ అరగంట ఎగ్గొడితే తెల్ల క్రీమ్‌లో గోధుమరంగు చుక్కలు ఫొటోల్లో జీవితాంతం ఉంటాయి.

పండ్లు: పచ్చి అనాసపండు నేరుగా పాల క్రీమ్‌లో కలిపితే కాసేపటికి చేదొస్తుంది, ముక్కలను కాస్త పంచదారతో ఉడికించి చల్లార్చి వాడండి. బంగినపల్లి మామిడి పొరల మధ్య అద్భుతం, కాకపోతే ముక్కలను గుడ్డ మీద పరిచి తడి తీసేయాలి. సీతాఫలం గుజ్జు ఉడికించకూడదు, చేదెక్కుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో నేనైతే క్రీమ్ జోలికే వెళ్ళను, గనాష్ పూస్తాను. 300 గ్రాముల డార్క్ చాక్లెట్ తురుముకు 150 మి.లీ. ఫ్రెష్ క్రీమ్, ఆ చిన్న డబ్బా క్రీమే ఇక్కడ పనికొస్తుంది. క్రీమ్ మరగకుండా, ఆవిరి లేవగానే దించి చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలాగి కలపండి. నూనె విడిపోతే ఒక చెంచా గోరువెచ్చని పాలు పోసి తిప్పితే మళ్ళీ కలుస్తుంది. చల్లారి పూతకు వీలుగా గట్టిపడ్డాక రాయండి.

9. ఇంకో ఇంటికి తీసుకెళ్ళాలంటే

మా మామయ్య షష్టిపూర్తికి చేసిన కేక్‌ను ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను, తార్నాక దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర పై పొర కింది పొర మీంచి జారి డబ్బా గోడకు ఆనుకుంది. ఒళ్ళు సమంగా ఉండదు, సీటూ అంతే. అప్పటి నుంచి ముందు సీటు కింద కాళ్ళు పెట్టే చోటే కేక్ స్థానం.

- అట్ట మీద ఒక చుక్క క్రీమ్ రాసి దాని మీద కేక్ పెట్టండి, జారదు.
- డబ్బా కింద రబ్బరు చాప లేదా తడి బట్ట.
- రెండు పొరల కేక్ అయితే నడుమ ఒక లావు స్ట్రా నిలువుగా దించండి. కోసేముందు తీయడం మర్చిపోవద్దు.
- ఏసీ బయల్దేరే ముందే వేసి ఉంచండి.

బండి మీద అయితే కేక్, క్రీమ్ వేరువేరుగా తీసుకెళ్ళి అక్కడే పూయండి. దూరం ఎక్కువైతే, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ లాంటిదైతే, కారు కంటే మెట్రో నయం. ఏసీ ఉంటుంది, గుంతలుండవు, రద్దీ లేని టైం చూసుకుంటే చాలు.

10. కోయడం, పంచడం

ఊదిన కేక్ మా నానమ్మ ముట్టదు, ఎంగిలి అంటుంది. ఆవిడ మాటలో తప్పేం లేదు, నాలుగేళ్ళ పిల్లాడు కొవ్వొత్తి ఊదేటప్పుడు ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూడండి ఒకసారి. చిన్న గిన్నెలో కాల్చిన కేక్ ఇందుకే. కొవ్వొత్తులు దాని మీద పెట్టండి, ఊదినవాళ్ళే దాన్ని తింటారు, పెద్ద కేక్ అందరిదీ. దీపం ఆర్పడం ఇష్టం లేని పెద్దవాళ్ళుంటే ముందు హారతి ఇచ్చి నేరుగా కోయించేయండి, పిల్లలేమీ అనుకోరు.

మొహానికి కేక్ పూసే బ్యాచ్ ఉంటే మిగిలిన క్రీమ్ ఒక గిన్నెలో వాళ్ళకిచ్చేయండి. నాలుగు గంటల కష్టాన్ని కర్టెన్లకు పూయనివ్వకండి.

కోసే పద్ధతి: త్రిభుజాల్లా కోస్తే మొదటి నలుగురికి పెద్దవి, చివరివాళ్ళకు పొడి. 8 అంగుళాల కేక్‌లో అంచు నుంచి రెండు అంగుళాలు లోపలికి చాకుతో ఒక వృత్తం కోయండి. బయటి వలయం పదహారు ముక్కలు, లోపలి గుండ్రం నాలుగు. ఇరవై అయ్యాయి. వేడినీళ్ళ గ్లాసు, బట్ట పక్కన పెట్టుకుని ప్రతి కోతకీ చాకు ముంచి తుడవాలి.

పంచేముందు రెండు డబ్బాలు వేరుగా తీయండి, ఒకటి వాచ్‌మన్ ఇంటికి, ఒకటి రాలేకపోయినవాళ్ళకు. "మిగిలితే ఇద్దాం" అనుకుంటే ఎప్పుడూ మిగలదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు క్రీమ్ తీసేసి చిన్న ముక్క, అదీ వాళ్ళను అడిగి.

కొవ్వొత్తుల కోసం ఫ్యాన్ ఆపేస్తారు, ఆపై ఒక్కొక్కరూ తినిపించే ఫొటోలు ఇరవై నిమిషాలు. గ్రూప్ ఫొటో ముందే తీసేసి అప్పుడు కేక్ తెండి. క్రీమ్ కేక్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, గదిలో 32 డిగ్రీలు దాటి ఉంటే గంటే.

11. తేడా కొడితే

నడుమ కుంగింది: తొందరగా తలుపు తీశారు, లేదా పౌడర్ ఎక్కువైంది. అంచులు సమం చేసి, కోసిన పొడిని క్రీమ్‌తో కలిపి గుంట నింపి బోర్లించి పూత వేయండి. ఎవరికీ తెలియదు.

నడుమ పచ్చిగా ఉంది: ఇంకా వేడిగా ఉంటే పైన ఫాయిల్ కప్పి మళ్ళీ పది నిమిషాలు పెట్టండి. చల్లారాక చేసేదేమీ లేదు, పచ్చి భాగం తీసేయాలి.

పైన గోపురంలా లేచి పగిలింది: వేడి ఎక్కువ. వచ్చేసారి 15 డిగ్రీలు తగ్గించండి.

అడుగు మాడింది: చల్లారాక సన్న తురుముడు పీటతో మెల్లగా గీకేయండి.

సబ్బు రుచి: సోడా ఎక్కువైంది. దీనికి మందు లేదు, దగ్గర్లో బేకరీ చూసుకోండి.

మిగిలిన క్రీమ్ కేక్ మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు బాగుంటుంది. మూత లేకుండా పెడితే పొద్దున్నే ఉల్లిపాయ కేక్ తినాలి. పూత లేని కేక్ గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులుంటుంది. కోసేసిన అంచులు, బోడిపె ముక్కలు మాత్రం పొడి చేసి, మిగిలిన గనాష్‌తో లడ్డూలు చుట్టి పిల్లల టిఫిన్ డబ్బాలో వేసేయండి.